వాన పడిన రోజు కూలి



తపస్కాలం వచ్చిందంటే మన ఊళ్ళలో రెండు కనబడతాయి. దేవాలయంలో ఊదారంగు వస్త్రాలు, బజారులో ద్రాక్షపండ్ల తోపుడుబండ్లు. గద్వాల కోట దగ్గర చూడండి, వనపర్తి బస్టాండు ముందర చూడండి, నాగర్‌కర్నూలు కూరగాయల అంగడిలో చూడండి. విభూది బుధవారం నుండి మట్టల ఆదివారం దాకా పచ్చవి, నల్లవి గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. మనం అరకిలో కొని, ఇంటికి తెచ్చి, ఉప్పునీళ్ళలో కడిగి పిల్లలకు పెడతాం. అవి ఎక్కడ పండాయో, ఎవరి చేతులు కోశాయో అడగం.

మనది ద్రాక్ష సీమ కాదు. నడిగడ్డలో విత్తన పత్తి, పల్లి. వనపర్తి వైపు పల్లి, వరి. కొల్లాపురం వైపు మామిడి. ఇవీ మన పంటలు. ఈ పండ్లలో చాలా భాగం మహారాష్ట్ర నుండి, కర్ణాటక విజయపుర వైపు నుండి వస్తాయి. కానీ ఒకప్పుడు మన హైదరాబాదు ద్రాక్షకు దేశంలో పేరుండేది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే పెద్దమనిషి హైదరాబాదులో నాటిన అనాబ్-ఎ-షాహీ అనే రకం ఆ తర్వాత నగరం చుట్టూ పందిళ్ళ మీదికెక్కింది. నగరం పెరిగి పొలాలు ప్లాట్లయిన తర్వాత ఆ తోటలు చాలామటుకు పోయాయి. మిగిలిన కొద్ది తోటల్లో కోతకు కూలీలు కావలసి వస్తే, ఆనకట్టలకూ రోడ్లకూ పిలిచినట్టే పాలమూరు వాళ్ళనే పిలుస్తారు. కాబట్టి తోట మనది కాకపోయినా, కోసే చేయి మనదే.

ద్రాక్ష వ్యవసాయం చేసినవారికి తెలుసు, ఇది ఎంత సున్నితమైన పంటో. మన ప్రాంతంలో తీగకు ఏటా రెండు కత్తిరింపులు. కోత అయిపోయిన తర్వాత ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో మరొకటి. మొదటిది కొమ్మ కోసం, రెండవది పండు కోసం. అక్టోబరు కత్తిరింపు తర్వాత ఇంచుమించు నాలుగు నెలలకు గుత్తి చేతికి వస్తుంది. ఆ నాలుగు నెలలూ రైతు కళ్ళు ఆకాశం మీదనే. పూతకు ముందు వాన పడితే బూజు తెగులు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మందు కొట్టాలి, మళ్ళీ కొట్టాలి. పండు తియ్యబడే వేళ వాన పడితే తొక్క పగులుతుంది, గుత్తి కుళ్ళుతుంది. రాళ్ళవాన పడితే ఆ ఏటి పంటే కాదు, కొమ్మకు దెబ్బ తగిలి వచ్చే ఏటి పంట కూడా పోతుంది.

ఇంకొక సంగతి. మామిడికాయను కోసి గడ్డిలో పెడితే మాగుతుంది. ద్రాక్ష అట్లా కాదు. తీగ నుండి కోసిన తర్వాత దానికి తీపి పెరగదు. అందుకని తొందరపడి ముందు కోయడానికి లేదు, మబ్బు పట్టినాక ఆగడానికీ లేదు. నాసిక్ వైపు ద్రాక్షారసం తీసే వైనరీలకు పండించేవారి కష్టమూ ఇదే. పండులో చక్కెర ఎంత చేరిందో పరికరంతో చూసుకొని, ఎండ ముదరక ముందే తెల్లవారుజామున కోసి తరలిస్తారు. కొద్ది రోజుల పనిలో ఏడాది కష్టం ఇమిడి ఉంటుంది. ఆ కొద్ది రోజుల్లో ఆకాశం మాట తప్పితే?

కొన్నేళ్ళ క్రితం ఒక తపస్కాలపు ఆదివారం పూజ అయిన తర్వాత ఒక తల్లి గుడి మెట్ల మీద నా కోసం ఆగింది. మామూలుగా ఆ రోజుల్లో ఆమె ఊళ్ళో ఉండదు. గుంపు మేస్త్రీ వెంట ఇరవై ముప్పై మందితో కలిసి కోతకు పోతుంది. "అప్పుడే వచ్చినవేమమ్మా?" అని అడిగాను.

"పనే లేకపాయె ఫాదర్. పోయిన మూడో దినమే రాళ్ళవాన బడ్డది. గుత్తులన్నీ నేలబడ్డయి. పని లేదు, పోండ్రి అన్నడు ఆసామి. చేసిన రెండు దినాల కూలి మేస్త్రీ అడ్వాన్సు కింద పట్టుకున్నడు. బస్సు చార్జీలు బదులు తెచ్చుకొని వచ్చినం" అన్నది.

నేను ఆసామిని గురించి ఏదో కఠినంగా అనబోయాను. ఆమె నన్ను ఆపింది. "ఆయన్ననొద్దు ఫాదర్. ఆయన కూడ పందిరి కింద కూసొని ఏడ్చిండు. మర్నాడు సార్లు వచ్చి ఆయనకెన్ని ఎకరాలు పోయిందో రాసుకున్నరు. మాది ఎవరు రాసుకుంటరని అడుగుతున్న, అంతే."

ఆమె ఫిర్యాదు చేయలేదు, సాయం కూడా అడగలేదు. ఒక ప్రశ్న అడిగి, పిల్లవాని చెయ్యి పట్టుకొని వెళ్ళిపోయింది. మాది ఎవరు రాసుకుంటారు? సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో న్యాయం అంటే ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వడం అని కంఠస్థం చేశాను. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. కానీ వాన పడి పని ఆగిన రోజున కూలివానికి చెందవలసినది ఏది? ఆ ప్రశ్న ఏ గురువూ నన్ను అడగలేదు. నేనూ అడుగలేదు.

ఆ తర్వాత చాలా కాలానికి ఒక విషయం చదివాను. ఫ్రాన్సు దేశంలో బర్గండీ అనే ద్రాక్ష సీమ ఉంది. అక్కడ బోన్ అనే పట్టణంలో ద్రాక్షకోత ఏ సంవత్సరం ఏ తారీకున మొదలైందో 1354 నుండి 2018 దాకా శాస్త్రవేత్తలు లెక్క కూర్చి 2019లో ప్రకటించారు. 1987 వరకు సగటున సెప్టెంబరు 28 ప్రాంతంలో మొదలయ్యే కోత, 1988 నుండి సగటున 13 రోజులు ముందుకు జరిగింది. ఎండలు పెరిగాయి, పండు ముందే పక్వానికి వస్తున్నది. భూమి వేడెక్కుతున్నదనడానికి ఆరున్నర శతాబ్దాల సాక్ష్యం అది.

ఆ వేడికి మన రాళ్ళవానలకు సంబంధమేమిటని మీరు అడగవచ్చు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. మోసినదంతా ఒక్కసారిగా కుమ్మరిస్తే అది పంటకు ఆధారమయ్యే వాన కాదు. ఏ ఒక్క వాననూ పట్టుకొని ఇది అందువల్లనే అని చెప్పలేము గానీ, ఆకాశం మన తాతల నాటి ఆకాశం కాదని మాత్రం చెప్పవచ్చు. 2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా, తుంగభద్ర నదులు పొంగి అలంపురం సీమను, అవతల కర్నూలు పట్టణాన్ని ముంచిన సంగతి మనవాళ్ళెవరూ మరచిపోలేదు కదా!

అయితే నన్ను ఆపిన సంగతి వాతావరణం కాదు. అన్ని వందల ఏళ్ళ కోత తారీకులు ఆ శాస్త్రవేత్తలకు ఎక్కడ దొరికాయి? పాత కాలపు లెక్కలు కొన్ని ఆ పట్టణపు నోత్రదామ్ దేవాలయపు పత్రాలలో దొరికాయి. ద్రాక్ష కోసిన కూలీలకు ఏ రోజు ఎంత కూలి చెల్లించారో రాసిన లెక్కలవి. రాసినవారు వాతావరణం కోసం రాయలేదు. కూలివానికి ఇచ్చిన డబ్బు కాబట్టి రాశారు. ఆ రాత వల్లనే నేడు ప్రపంచం ఆకాశాన్ని చదువుకుంటున్నది.

ఇది చదివి సంతోషించి, మన విచారణ లెక్కల పుస్తకం తీసి చూడాలనిపించింది. సోదరులారా, ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి.

మేము గుడి చుట్టూ ప్రహరీ గోడ కట్టించిన రోజుల్లో ఎనిమిది మంది కూలికి వచ్చేవారు. ఒక రోజు పదకొండు గంటలకే అకాల వాన మొదలైంది, సాయంత్రం దాకా విడువలేదు. వాళ్ళు గుడి వసారాలో గోనెసంచులు కప్పుకొని కూర్చున్నారు. నేను చూశాను. టీ కూడా పంపించాను. కానీ ఆ రోజు లెక్కలో ఏమున్నది? "వాన — సగం కూలి." కింద నా సంతకం. ఎవరూ నన్ను మోసగించలేదు, నేను ఎవరినీ మోసగించాననుకోలేదు. ఊళ్ళో అందరూ ఇచ్చే పద్ధతే నేనూ ఇచ్చాను. మరి ఆ సాయంత్రం వాళ్ళ ఇళ్ళలో పిల్లలకు సగం ఆకలే వేసిందా?

ఆరు వందల ఏళ్ళ తర్వాత ఎవరైనా మన విచారణ పుస్తకం తీసి చూస్తే, ఆ రోజు వాన పడిందని తెలుసుకుంటారు. ఆ వాన బరువును ఎవరి మీద వేశామో కూడా తెలుసుకుంటారు.

అప్పుడు నేను మత్తయి సువిశేషం 20వ అధ్యాయం మళ్ళీ చదివాను. ద్రాక్షతోటలో పనివారి ఉపమానం మనందరికీ తెలిసిందే. సామాన్య కాలంలో, 'ఎ' సంవత్సరపు 25వ ఆదివారం వింటాం. నేను దానిమీద చాలాసార్లు ప్రసంగించాను. ఆలస్యంగా వచ్చినవారికి కూడా పరలోక ద్వారం తెరిచే ఉంటుందని చెప్పాను. అది నిజమే. కానీ ఉపమానం మీద ఉన్న ఆకాశాన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

ఆలోచించండి. ఒక యజమాని ఒకే రోజున ఐదుసార్లు అడ్డాకు ఎందుకు పోతాడు? తెల్లవారుజామున పోయాడు, తొమ్మిదికి పోయాడు, పన్నెండుకు, మూడుకు, చివరికి పొద్దుగుంకబోయే ముందు ఐదు గంటలకు పోయాడు. సువిశేషం కారణం చెప్పదు. కానీ ఆ మాటలు విన్నవారు పాలస్తీనా రైతులు. అక్కడ ఎండకాలం చివర ద్రాక్ష పక్వానికి వస్తుంది, ఆ వెనుకనే అక్టోబరు ప్రాంతంలో తొలకరి వానలు మొదలవుతాయి. తోట నిండా పండు, తల మీద మబ్బు. ఒక గంట పని దొరికినా లాభమే. ఆ తొందర విన్నవారికి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

అడ్డా మీద చివరి గంటదాకా నిలుచున్నవారు ఏమన్నారు? తమను ఎవరూ పనికి పిలువలేదన్నారు. వాళ్ళు సోమరులు కారు. పొద్దుటి నుండి నిలువుకాళ్ళ మీద ఎదురు చూసినవారు. మన పట్టణాల్లో పొద్దున్నే టిఫిన్ డబ్బాతో అడ్డా మీద నిలబడి, పది గంటలకు ఖాళీ చేతులతో ఇల్లు చేరేవారిని మనం చూడడం లేదా? వాళ్ళ రోజు ఎక్కడ పోయింది? వాళ్ళు పోగొట్టుకోలేదు, వాళ్ళకు దొరకలేదు.

సాయంత్రం యజమాని లెక్క చూశాడు. పనిచేసిన గంటలను మాత్రమే లెక్కపెడితే చివరివారికి దీనారంలో చిన్న ముక్క చాలు. ఆయన నిండు దీనారమే ఇచ్చాడు. ఒక కుటుంబం ఒక రోజు గడవడానికి ఆ కాలంలో కావలసిన కూలి అది. పొద్దుటి నుండి పనిచేసినవారికి ఒప్పుకున్నది తగ్గించలేదు. చివరివారికి రోజంతా దొరకని పని తాలూకు నష్టాన్ని యజమాని తన సంచిలో నుండి భరించాడు. దైవరాజ్యం అటువంటిదని ప్రభువు చెప్పాడు. కూలివానికి చెందవలసినది అతని గంటలు మాత్రమే కాదు, అతని రోజు. సెమినరీలో నాకు దొరకని జవాబు ఇదే.

"ఫాదర్, ఆసామి కూడా మునిగినవాడే కదా, ఎక్కడి నుండి ఇస్తాడు?" అని మీలో రైతులైనవారు అడుగుతారు. అడగాలి. పంట పోయి అప్పుల్లో పడిన రైతు తన కూలీల కన్నా ఎక్కువ దిగులుతో ఉండవచ్చు. గుడి మెట్ల మీద ఆ తల్లే ఆ మాట చెప్పింది. నష్టమంతా ఒక్క రైతు నెత్తిన వేయడం కూడా న్యాయం కాదు. 2023 మార్చిలో వడగళ్ళకు పంటలు పోయినప్పుడు మన రాష్ట్ర ప్రభుత్వం ఎకరాకు 10,000 రూపాయల సాయం ప్రకటించింది. మంచిదే. కానీ ఆ లెక్క ఎకరాలది. ఎకరం లేనివాడు ఏ గడిలో పడతాడు? 2025 జనవరి 26న భూమి లేని వ్యవసాయ కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 రూపాయల పథకాన్ని ప్రభుత్వం ప్రారంభించింది. భూమి లేనివాని పేరు కూడా ఒక పుస్తకంలోకి ఎక్కాలని గుర్తించడం మేలైన సంగతే. మన విచారణలలో అర్హత ఉండి పేరు ఎక్కనివారు ఉన్నారేమో చూసి, కాగితాలు రాసిపెట్టడం మన యువతీయువకులు చేయగలిగిన సేవ.

ధర్మశాస్త్రం కూడా ఈ విషయాన్ని యజమాని మంచితనానికే వదిలిపెట్టలేదు. ద్రాక్షతోటలో రాలిన పండ్లను ఏరుకోవద్దని, వాటిని పేదవారికి, పరదేశులకు విడిచిపెట్టాలని లేవీయకాండం 19వ అధ్యాయం శాసించింది. కూలివాని కూలిని పొద్దు గుంకక ముందే చెల్లించాలని, అతడు పేదవాడు గనుక దాని మీదనే ప్రాణం పెట్టుకొని ఉంటాడని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చెబుతున్నది. 13వ సింహరాయ జగద్గురువులు 1891లో కార్మికులను గురించి వ్రాసిన లేఖలోను, దివంగత ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లో సృష్టిని గురించి వ్రాసిన లేఖలోను ఈ స్వరమే వినబడుతుంది. భూమి పెట్టే ఆక్రందన, పేదవాడు పెట్టే ఆక్రందన రెండూ కలిపి వినాలని ఫ్రాన్సిస్ జగద్గురువులు మనకు నేర్పారు.

ఇక మన పీఠం దగ్గరికి వద్దాం. 1983 నాటి శ్రీసభ చట్టం, 924వ సూత్రం ప్రకారం దివ్యబలిపూజకు వాడే రసం ద్రాక్షపండు నుండి సహజంగా వచ్చినదై, చెడిపోనిదై ఉండాలి. వేరే ఏ పండు రసమూ పనికిరాదు. అంటే ఏమిటి? ఎక్కడో ఒక తోటలో ఎవరో వంగి, గుత్తిని ఎడమచేత పట్టుకొని, కుడిచేత కత్తెర వేయనిదే మనకు పూజ లేదు. అర్పణ వేళ గురువు ఆ రసాన్ని తీగ ఫలంగాను, మానవుల చేతిపనిగాను దేవునికి ఎత్తి చూపుతాడు. ఆ చేతులు ఎవరివో నాకు తెలియదు. వాటికి ఆ రోజు కూలి అందిందో లేదో కూడా తెలియదు. కానీ ఇప్పుడు పాత్ర ఎత్తిన ప్రతిసారీ గుడి మెట్ల మీది ఆ తల్లి చేతులు గుర్తుకు వస్తున్నాయి. క్రీస్తు తన రక్తంగా మార్చడానికి ఎంచుకున్న రసం ఆమె వంటివారి చేతుల మీదుగా వచ్చినది. ఆమెకు సగం కూలి ఇచ్చి ఆయనకు నిండు పాత్ర ఎత్తితే ఆయన ఎట్లా పుచ్చుకుంటాడు?

నా పశ్చాత్తాపం మాటలతో ఆగకూడదనిపించింది. ప్రహరీ గోడ కట్టిన ఎనిమిది మంది కోసం వెతికాను. ఐదుగురు దొరికారు. మిగిలిన సగం కూలి వారి చేతిలో పెట్టాను. ఒక ముసలాయన, "ఎన్నటిదో, ఇప్పుడెందుకు ఫాదర్?" అని నవ్వాడు, కానీ డబ్బు జాగ్రత్తగా రుమాలులో ముడివేసుకున్నాడు. ఇద్దరు పట్నం పోయారు, జాడ దొరకలేదు. ఒకాయన మరణించాడు; ఆయన భార్యకు ఇచ్చి వచ్చాను. ఇప్పుడు మా విచారణ పుస్తకంలో పద్ధతి మారింది. పనికి పిలిచిన తర్వాత వాన పడితే "వాన — నిండు కూలి" అని రాస్తున్నాం. దీనివల్ల విచారణ ఏమీ పేదదైపోలేదు.

ప్రియ కుటుంబాలారా, ఈ తపస్కాలంలో మీరు మాంసం మానివేస్తారు, సిలువమార్గం చేస్తారు, దానం చేస్తారు. వాటితోపాటు ఒక చిన్న పని చేయండి. ఇంటి పనికో, పొలం పనికో ఎవరినైనా పిలిచి, వాన వల్లనో, కరెంటు పోవడం వల్లనో, సిమెంటు రాకపోవడం వల్లనో పని ఆగితే, ఆ రోజు కూలి ఎట్లా ఇస్తున్నారో ఆలోచించండి. నిండుగా ఇవ్వగలిగినవారు నిండుగా ఇవ్వండి. అంత శక్తి లేని చిన్న రైతులు కూలివానితో కూర్చొని, నష్టాన్ని ఇద్దరూ ఎట్లా పంచుకోవాలో మాట్లాడండి. అతనితో మాట్లాడకుండా మాత్రం కోత పెట్టవద్దు. గ్రామంలో రాళ్ళవాన పడినప్పుడు ఎన్ని ఎకరాలు పోయాయని అడిగే నోటితోనే, ఎందరి పని పోయిందని కూడా అడగండి. పేర్లు రాసుకోండి. విచారణ పెద్దలు ఆ పేర్లను గురువుకు ఇవ్వండి, విన్సెంట్ డి పాల్ సభ వంటివి ఉన్నచోట వారికి ఇవ్వండి.

రేపు బండి దగ్గర ద్రాక్ష కొనేటప్పుడు పిల్లలను పక్కన నిలబెట్టుకొని ఒక మాట చెప్పండి. ఈ గుత్తిని ఎవరో తెల్లవారకముందే లేచి కోశారు, వారి కోసం కూడా ఈ రాత్రి జపమాలలో ఒక పరలోక జపం చెప్పుకుందామని చెప్పండి.

ఆ తల్లి ఈ ఏడు కూడా మేస్త్రీ వెంట కోతకు వెళ్ళింది. నేను ఈ నాలుగు మాటలు వ్రాసే వేళ పడమట కొంచెం మబ్బు ఉన్నది. ఆమె తిరిగి వచ్చేవరకు ఆకాశం నిలకడగా ఉండాలని ప్రార్థిస్తున్నాను. ఒకవేళ ఆకాశం మాట తప్పినా, ఆమె రోజును రాసుకునే పుస్తకం ఒకటి ఉండాలని కూడా ప్రార్థిస్తున్నాను. ద్రాక్షతోట యజమాని అయిన తండ్రి దేవుడు మిమ్ములను, మీ పొలాలను, మీ పొలాల్లో పనిచేసేవారిని ఆశీర్వదించును గాక. ఆమెన్.